చాంద్‌బీ ఆస్తి

ఉన్నవాళ్లు పేదలకు ఇవ్వాల్సిన జకాత్ ఎవరికి చెందాలో మాట్లాడే కంప్యూటర్ పెట్టె తేల్చే రోజులవి. ఆదోని బట్టల వ్యాపారి జిలానీ సాహెబ్ ఏటా రంజాన్‌లో ముసలి చాంద్‌బీకి ఇచ్చే సొమ్మును ఈసారి గల్లా మీది పెట్టె ఆపేసింది. ఆమె దాచుకున్నది జకాత్ పొందే హద్దు దాటిందట.

"అది నేను సచ్చినంక కప్పే కఫన్‌కు, గోరీకి పెట్టుకున్నెది భాయ్."

"దాంతో మందులు కొనుక్కో. అప్పుడు జకాత్ పట్టీలో నీ పేరు మళ్లా ఎక్కుతుంది. కఫన్ గుడ్డ నేనిస్తాలే."

"నాకంటే ఏడేండ్లు పెద్దోనివి. ముందు నువ్వే పోతే?"

సాహెబ్ వెంటనే లేచి తెల్లగుడ్డ కొలిచి, కత్తిరించి ఆమె చేతుల్లో పెట్టాడు.

పెట్టె గణగణమంది. చాంద్‌బీ ఆస్తి ఆ గుడ్డ ఖరీదు మేరకు పెరిగిందని చెప్పింది.



"సచ్చేదాంక ఏం తినాల్నో గూడా దాన్నే అడుగు భాయ్" అంది చాంద్‌బీ.