మాట అందించే మనిషి

"ఈ పూట కూడా మాట మరిచిపోతావేమోనే. పొద్దుటి నుంచీ నాకదే దిగులు" అంది తల్లి.

కూతురు అద్దం ముందు కూర్చుని కనుబొమలు దిద్దుకుంటోంది. "మరిచిపోనులేమ్మా" అంది అద్దంలోంచే చూస్తూ.

"పోయిన ఆదివారమూ ఇదే అన్నావు. అంతమంది ముందు గుడ్లప్పగించి నిలబడ్డావు. జనం ఒకటే నవ్వు. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

తల్లి ఒళ్ళో ఉన్న నాటకం కాగితాల కట్టని మళ్ళీ సర్దుకుంది.

ఆ కట్ట పట్టుకోవడం ఆవిడకి ముప్ఫై మూడేళ్ళ అలవాటు. చదివింది ఐదో తరగతే. అయినా కూతురికి తొమ్మిదో ఏట మొదటి వేషం దొరికిన రోజు నుంచి తెర పక్కన నిలబడి మాట అందించింది ఆవిడే. పిల్ల తడబడగానే తర్వాతి మాటలో మొదటి ముక్క గుసగుసగా అనాలి. పిల్లకి వినపడాలి, జనానికి వినపడకూడదు. సినిమాల్లోకి వెళ్ళాకా అంతే, కెమెరా కింద పీట వేసుకుని కూర్చునేది. "హీరోయిన్‌కి కుర్చీ లేకపోయినా ఫరవాలేదు, అమ్మగారి పీట మాత్రం మరవకండ్రా" అని లైట్లవాళ్ళు వేళాకోళం చేసేవారు. పద్నాలుగు సినిమాలు. తర్వాత అక్క వేషాలు, వదిన వేషాలు, ఆ తర్వాత ఫోను మోగడమే మానేసింది. నలభై దాటాక చచ్చీ చెడీ ఈ నాటక కంపెనీలో ముఖ్యమైన వేషం దొరికింది. ఇదీ పోతే ఇంక ఎక్కడానికి గుమ్మం లేదు.

కంపెనీ మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. తల్లి వైపు చూడకుండా కూతురితో అన్నాడు.

"నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. అమ్మగారు ముందు వరసలో హాయిగా కూర్చుని చూస్తారు. తెర పక్కన నేను వేరే మనిషిని పెడతాను. వేషం నీదే."

"అమ్మని తప్పించి నేను స్టేజి ఎక్కలేను సార్."

"మొండికేస్తే నష్టం నీకే. ఇంకో అమ్మాయి మాటలన్నీ బట్టీపట్టి కూర్చుంది."

తల్లికి భయం వేసింది. అయినా ఆ భయంలోనే ఎక్కడో కాస్త గర్వం. "చూశారా బాబూ, నేను లేనిదే దానికి అడుగు పడదు. చిన్నప్పటి నుంచీ అంతే."

మేనేజరు ఆవిడ వైపు తిరిగి ఏదో అనబోయాడు.

"సార్, వద్దు" అంది కూతురు.

ఆయన "నీ ఇష్టం. ఇదే ఆఖరు" అనేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆట మొదలైంది. పొద్దున్నే భర్తని "లేవండి, టైమైపోతోంది" అని నిద్రలేపడం దగ్గర్నుంచి మొదటి అంకమంతా గండం లేకుండా గడిచింది. తల్లి చెంగుతో మెడ తుడుచుకుని, కాగితం తిప్పింది.

రెండో అంకంలో కథానాయిక భర్త చనిపోతాడు. మంచం మీద శవం. పక్కన నేల మీద కూర్చుని ఆమె ఏడవాలి. కూతురు కూర్చుంది. భర్త చెయ్యి పట్టుకుంది. నోరు విప్పలేదు.

ఒక క్షణం. రెండు క్షణాలు. మరిచిపోయింది! తల్లి కాగితం మీద గబగబా వేలు జరిపింది.

"లేవండి, టైమైపోతోంది" అని అందించింది.

కూతురు అందుకోలేదు.

"లేవండి, టైమైపోతోంది!" ఈసారి కాస్త గట్టిగా.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. శవం వేషం వేసినాయన కళ్ళు తెరిచి తెర పక్కకి చూశాడు. శవం కదిలేసరికి హాలంతా గొల్లుమంది. తల్లి ఏడుపు గొంతుతో మూడోసారి అందించింది. కూతురు లేచి నిలబడి జనానికి చేతులు జోడించింది.

"క్షమించండి. తప్పు నాదే. మాట మరిచిపోయాను."

తెర దించేశారు.

చీర విప్పి ఇచ్చెయ్యమని కబురొచ్చింది. ఆ చీర కొత్తమ్మాయికి కట్టి, పది నిమిషాల్లో ఆట మళ్ళీ మొదలుపెట్టారు. కూతురు తన పాత బట్టల్లో అద్దం ముందు కూర్చుని, దూదితో ముఖం మీద రంగు తుడుచుకుంటోంది.

"ఇంక మనల్ని ఎవరు పిలుస్తారే?" తల్లి పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "కాగితం నా చేతిలోనే ఉంది. ఒకటికి మూడుసార్లు అందించాను. వినపడలేదా, బుర్రకెక్కలేదా?"

కూతురు దూది పారేసి ఇంకో ముక్క తీసుకుంది.

"మా అమ్మమ్మకీ ఇలాగే మొదలైందే. మొదట మాటలు, తర్వాత దారులు, చివరికి కన్నపిల్లల్నే ఎవరు మీరని అడిగింది. నీకూ అదే పట్టుకుందని నెల రోజులుగా కుమిలి చస్తున్నాను. నీ సంచిలో చీటీ చూశాన్లే. రేపు పదిన్నరకి రమ్మన్నారుగా? మతిమరుపు డాక్టరేనటగా? కన్నతల్లిని, నా దగ్గర దాపరికమేమిటే?"

కూతురి చెయ్యి చెంప మీదే ఆగిపోయింది.

"ఏడవకు. చిన్నప్పటి నుంచీ నిన్ను ఒక్కదాన్నీ ఎక్కడికైనా పంపానా? నీకు తోడుగా నేనొస్తాను. వద్దనకేం?"

గోడ అవతల కొత్తమ్మాయి గొంతు వినపడుతోంది. భర్త చనిపోయే చోటికి వచ్చేసరికి ఆ గొంతు చాలాసేపు ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్కసారిగా బావురుమంది. హాల్లో ఎవరూ నవ్వలేదు. చివర్లో చప్పట్లు మోగాయి, ఆగాయి. కుర్చీలు కదిలాయి, జనం వెళ్ళిపోయారు. అంతసేపూ కూతురు అద్దంలోకి చూడలేదు, అమ్మ వైపూ చూడలేదు. తల్లి ఆమె మోకాలి మీద చెయ్యేసి అలాగే కూర్చుంది. చివరికి కూతురు ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"రేపు నీకు తోడుగా వచ్చేది నేనమ్మా."