ముగ్గు పోసిన గీత

వార్డు హద్దులు గీసేది యంత్రమే. కాని లాటరీలో పేరొచ్చిన మామూలు మనిషి ఆ హద్దు వెంట నడిచి, నేలమీద ముగ్గు పోస్తేనే అది చెల్లుతుంది. అవసరమైతే మార్చే హక్కూ ఆ మనిషిదే. ఈసారి రేవుపేటలో ఆ వంతు కుట్టుపని చేసుకునే మాణిక్యాంబకు వచ్చింది.

చేపల సందు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. చేతిలో ఉన్న యంత్రం పలక మీద కనిపిస్తున్న గీత సందును, మధ్యనున్న కుళాయిని రెండుగా చీలుస్తోంది.

"అది చూపించినట్టే పోసెయ్ వదినా," అన్నాడు వెంటవచ్చిన మరిది సత్తిరాజు. ఆ వార్డు మెంబరు అతనే. గీతకు అవతల పడే ఆరిళ్ల వాళ్లు తనకు ఓటెయ్యరని అతనికి తెలుసు.

"కుళాయి ఒకటే, బిందెల కొట్లాటా ఒకటే. ఇద్దరు మెంబర్ల చుట్టూ తిప్పుతావా వీళ్లని?"

మాణిక్యాంబ సందు మొత్తాన్నీ కలుపుకుంటూ ముగ్గు పోసుకొచ్చింది. వెంటనే పలక పలికింది: ఆరిళ్లు ఇటొచ్చాయి కాబట్టి, వార్డుల లెక్క సమానం కావాలంటే ఆరిళ్లు అటు పోవాలి. అది చూపించిన ఇళ్లలో మొదటిది వదినా మరిదీ కలిసి ఉంటున్న ఇల్లే.

సత్తిరాజు పరుగున వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఇల్లు అవతలికి పోతే నేనిక్కడ పోటీకే పనికిరాను వదినా! అన్నయ్య మొహమైనా చూడు."

రేపట్నించీ ఒకే పొయ్యి దగ్గర ఈ మొహాలే చూడాలని ఆమెకు తెలుసు. గుప్పెట నిండా ముగ్గు తీసుకుంది.

"కాలు తియ్ సత్తిరాజూ. గీత అక్కడే పడాలి."