పటకారు

పోస్టులో వచ్చిన బొమ్మకార్డును అయ్యగారు చేత్తో ముట్టలేదు. పొయ్యి పటకారుతో పట్టి ఎత్తారు.

కార్డు మీద వడ్రంగి మాచిన్ ఫొటో ఉంది. వాడు అగోతె, మా ఊళ్లలో వెలిగా చూసే జాతివాడు. చర్చిలో ఆ జాతికి వేరే తలుపు. వాళ్ల చెయ్యి తగిలిన గిన్నెను నేను బూడిదతో మూడుసార్లు తోముతాను. అలాంటివాడి బొమ్మ కింద, మా జాతికంతటికీ ఆనవాలన్నట్టు, ‘అసలైన బాస్కు’ అని అచ్చేశారట. పోస్టుమాన్ చదివి చెబితే నేనూ దాన్ని గుడ్డతో పట్టుకునే లోపలికి తెచ్చాను.

వేసవిలో బయోన్ పట్నం నుంచి ఫొటోలాయన వచ్చినప్పుడు, అయ్యగారు వెల్వెట్ కోటు తొడుక్కుని గుమ్మం మీది వంశముద్ర కింద నిలబడ్డారు.

“తీసుకో నాయనా. ఎనిమిది తరాల బాస్కు నెత్తురు,” అన్నారు పక్కనే ఉన్న మా చర్చి ఫాదర్ గారు.

“బాస్కు అన్నది పరాయివాళ్లు పెట్టిన పేరు కదండీ. మనం అనుకునేది ఎవుస్కల్దున్ అని. మన భాష ఉన్నవాడని దానర్థం. అందులో నెత్తురు ఊసెక్కడుంది?” అన్నాడు ఫొటోలాయన.

తర్వాత అదే మా భాషలో అయ్యగారిని కూడా పలకరించాడు. ఆయన మీసం దువ్వుకుని, ఫొటోకు గడ్డం ఎత్తారు.

ఎదురుగా చర్చి తలుపు బాగుచేస్తున్న మాచిన్ మా భాషలోనే కేకేశాడు.

“నా బోసినోరు తీస్తే నీ పెట్టె పగిలిపోద్ది బాబూ!”

ఫొటోలాయన పకపకా నవ్వి, పెట్టెను వాడివైపు తిప్పాడు.

ఇప్పుడు అయ్యగారు ఆ కార్డును నిప్పుల్లో పడేసి, అది బూడిదయ్యేదాకా తిట్టారు. స్పానిష్‌లో తిట్టారు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో చాకిరీ చేస్తున్నా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాతో ఆయనవన్నీ సైగలే. మా భాష ఆయనకు రాదు.

ఆయన వెళ్లాక పటకారును బూడిదతో మూడుసార్లు తోమాను. కార్డును పట్టిన కొసను కాదు, ఆయన చెయ్యి పట్టిన కొసను.