వీపులు తిప్పిన పది నిమిషాలు

మా యార్క్‌షైర్ బొగ్గు గనుల ఊళ్లో రగ్బీ జట్టు ఓడిపోవడం వాన పడడం లాంటిది, ఎవరూ ఆశ్చర్యపోరు. క్లబ్ ఛైర్మన్ ఈ కోచ్‌ని తెచ్చాకే అసహ్యం పుట్టింది. ఊరి కుర్రాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎక్కడెక్కడి అరిగిపోయినవాళ్లనో ఆడిస్తాడు. మైదానంలో ఎవరు దిగారో, ఎవరు కొట్టారో చెప్పే మైకు నిరుడే మూగబోయింది; ఛైర్మన్‌కు దాన్ని బాగుచేయించే తీరికా లేదు.

"చివరి పది నిమిషాలూ అందరం వెనక్కి తిరుగుదాం. ఛైర్మన్ మన వీపులు చూసి తరించాలి," అన్నాడు స్టాండులో ఎప్పుడూ నా పక్కనుండే హెడ్లీ. అతని మనవడు రీస్ ఏడాదిగా ఆ బెంచీ మీదే ఉన్నాడు.

స్టాండు మొత్తం తిరిగి గోడను చూస్తూ నిలబడ్డాం. వెనక ఏదో కేక వినిపించింది.

"చూడకు, వాళ్లు బంతితో మన గీత దాటి పడి ఇంకో ట్రై కొట్టుంటారు," అన్నాను.

"చస్తే చూడను. ఆ కోచ్ మొహం చూస్తే తాగిన టీ కక్కేస్తా," అన్నాడు హెడ్లీ.

ఆట అయ్యాక గేటు దగ్గర రీస్ ఎదురొచ్చాడు. నడుము దాకా బురద.

"ఆటలోకి దించాడా నిన్ను?" అన్నాడు హెడ్లీ.

"చివర్లో దించాడు తాతా. మన ఒక్కగానొక్క ట్రై నాదే. బంతితో పడి లేవగానే నీకోసం స్టాండు వైపు చూశాను."

హెడ్లీ వంగి మనవడి నిక్కరు మీది బురద దులపసాగాడు.

"అన్నీ వీపులే. నీది ఏదో పోల్చుకోలేకపోయాను."