అక్టోబరు నాటి వీడియో

మాబ్లి కుడిచెయ్యి ఉన్నట్టుండి గాల్లోకి లేచి, పిడికిలి బిగిసి, తన గుండెల మీదే దబ్బున పడింది. వెంటనే గొంతులోంచి బాతు అరిచినట్టు ఒక కూత.

డాక్టర్ ప్రోసర్ ఉలిక్కిపడలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"మార్చి నుంచి. రోజుకి వందసార్లు కొట్టుకుంటోంది. ఛాతీ అంతా కమిలిపోయింది డాక్టర్ గారూ" అంది తల్లి డెలిత్.

"చిన్నప్పుడు ఊరికే కళ్లు టపటపలాడించడం, ముక్కు ఎగబీల్చడం?"

"అలాంటివేం లేవు."

"ఇలా ఒళ్లు దానంతటదే ఎగిరిపడే టిక్స్ జబ్బు మామూలుగా ఐదారేళ్లకే, మొహంలో చిన్నచిన్న కదలికలతో మొదలవుతుంది. పదిహేనో ఏట, ఒక్కరోజులో, ఇంత పెద్దగా రావడం అరుదు. ఇది వేరే. నటన మాత్రం కాదు. మనసు మొయ్యలేనిదేదో ఒంట్లోంచి బయటపడుతోంది. నయమవుతుంది. మార్చిలో ఏం జరిగింది?"

"మా ఇంట్లో ఏమీ జరగలేదు!"

డెలిత్‌కు ఒళ్లు మండింది. కూతురి బాధకు ఒక పేరు పెట్టించుకుందామని రెండు బస్సులు మారి స్వాన్సీ ఆసుపత్రి దాకా వచ్చింది. పేరు లేకపోతే లోకం ఊరుకుంటుందా? పొద్దున బస్సులో ఒకావిడ "రెండు తగిలిస్తే అదే తగ్గుతుంది" అని వినపడేలాగే అంది.

"మార్చి అని నేనే పొరబడ్డాను. ఇది చూడండి. దీని పాత ఫోన్లో నిన్న దొరికింది. పోయిన అక్టోబరుది."

"అమ్మా, వద్దు" అంది మాబ్లి.

"నువ్వుండవే."

తెర మీద తరగతి గది. మధ్యలో మాబ్లి. అదే చెయ్యి, అదే పిడికిలి, అదే కూత. చుట్టూ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి బల్ల చరుస్తూ "మళ్లీ! ఇంకోసారి!" అని అరుస్తోంది.

"చూశారా రాక్షసుల్ని? అప్పటినుంచే నా బిడ్డ నరకం పడుతోంది. నాతో కూడా చెప్పుకోలేదు పిచ్చిది. ఒక్కళ్లనీ వదలను. రేపే హెడ్మాస్టర్ ముందు పెడతాను." డెలిత్ ఏడుస్తూ కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసింది.

డాక్టర్ ఆ వీడియోను రెండోసారి చూశాడు. ఫోన్ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మాబ్లీ, అప్పుడు కూడా నీ చెయ్యి దానంతట అదే లేచిందా?"

మాబ్లి తల్లి చేతిని తన భుజం మీంచి తీసేసింది.

"ఆ చెయ్యి, ఆ కూత ఎలెరివి అమ్మా. మార్చిలో ప్రాణం తీసుకుంది చూడు, మా క్లాసు పిల్ల. దాన్ని నేను వెక్కిరిస్తుంటే తీసిన వీడియో అది."