గోడకేసి తిరిగిన అంతోనివారు

"మళ్లీ తిప్పేశారండీ," అన్నాడు ఎలాడియో పైకి చూస్తూ.

ఫ్వెన్సాంత తలెత్తింది. చర్చిలో మెలితిరిగిన బంగారు స్తంభాలకూ, బూరెబుగ్గల దేవదూతలకూ పైన, రెండు నిలువుల ఎత్తులో ఉన్న గూట్లో పునీత అంతోనివారు అలిగినట్టు గోడకేసి తిరిగి ఉన్నారు. పెళ్లి కుదరనివాళ్ల పని అది. జోడీ చూపించేదాకా స్వామికి అదే శిక్ష.

"రొట్టెల కొట్టు మిలాగ్రోసే అయ్యుంటుంది," అందామె.

"ఆవిడ మోకాళ్లతోనా?" ఎలాడియో వెనకగదిలోంచి నిచ్చెన తెచ్చి, ఎక్కి, విగ్రహాన్ని సరిచేశాడు. "కాపలా కాద్దాం రండి."

అయిదు నెలలుగా ప్రతి మంగళవారం ఇదే తంతు. చర్చి బాగోగులు చూసే ఆ ముసలి బ్రహ్మచారి ఫ్లాస్కుతో కాఫీ తెస్తాడు. భర్త పోయి ఎనిమిదేళ్లయిన ఫ్వెన్సాంత నారింజ కేకు తెస్తుంది. వెనక బల్ల మీద కూర్చుని తమ ఊరు కోర్దోబాలో సగంమందిని ఉతికి ఆరేస్తారు. దొంగ మాత్రం వాళ్లుండగా ఒక్కసారీ రాలేదు.

ఆ రోజు ఫాదర్ క్రిస్పిన్ వచ్చి చిరాకుపడ్డాడు. "ఈ వారంలో దొంగ దొరక్కపోతే ఆదివారం తప్ప చర్చి తెరవను."

ఫ్వెన్సాంత గుండెల్లో రాయి పడింది. మంగళవారం లేకపోతే వారంలో ఇంకేముంది తనకి? రాత్రంతా ఆలోచించింది. అబద్ధం పాపమే, కానీ ఆ బల్ల పోగొట్టుకోవడం అంతకన్నా కష్టం.

పొద్దున్నే వెళ్లి, "నేనే తిప్పాను ఫాదర్," అంది.

పక్కన ఊడుస్తున్న ఎలాడియో చేతిలో చీపురు జారిపడింది.

"అరవై ఆరేళ్లకి పెళ్లి కావాలా అమ్మా?" అన్నాడు ఫాదర్.

"ఏం, అడగకూడదా?"

"అంతెత్తు ఎలా ఎక్కారు?"

"నిచ్చెనేసుకుని."

ఫాదర్ ఎలాడియో వైపు చూశాడు. అతని చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. ఫాదర్ పెదాలు బిగపట్టుకున్నాడు గానీ నవ్వు ఆగలేదు.

"సరే, చర్చి మూయను. కాపలా మీరిద్దరే కాయండి," అని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అన్నట్టు అమ్మా, నిచ్చెన ఉండే గదికి ఎప్పుడూ తాళమేస్తాం. తాళంచెవి ఒక్కటే."

ఫ్వెన్సాంత మెల్లగా వెనక్కి తిరిగింది.

అది ఎలాడియో నడుముకి వేలాడుతోంది.