నాలుగు వందల పన్నెండో పేజీ

శాసనసభ భవనం గ్రంథాలయంలో సందర్శకుల పుస్తకం తెరిచే ఉంది. పెన్ను మాత్రం లేదు.

డార్లా కోటు జేబులు తడుముకుంటుంటే పక్కనున్న ముసలాయన తన పెన్సిలు అందించాడు.

"వాళ్ల పెన్ను పోయి నెలయింది. ఇది తీసుకో."

పై వరసలు చూడకుండా తొందరగా పేరు, ఊరు గీకి ఆమె పెన్సిలు తిరిగి ఇచ్చింది. ఆయన ఆ వరస చదివాడు.

"ఈస్ట్ కార్బినా? ఈ మంచులో అంత దూరం నుంచా, అమ్మా?"

"స్కూలు బస్సు నడుపుతాను. ఇదీ ఒక మంచేనా?"

ఆయన నవ్వాడు. "సరే, ఏం వెతుకుతున్నావు?"

"ఎనభై మూడులో మా శాసనసభ్యుడు ఎటు ఓటేశాడో చూడాలి. మెర్టన్ హ్యాచ్ అని ఒకాయన."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఏ బిల్లు మీద?"

"రోడ్డు మీద రైలు పట్టాలు దాటే చోట గేట్లు పెట్టాలన్న బిల్లు."

ఆ ఏడు జనవరిలో, ఊళ్లో గేటు లేని పట్టాల మీదే, పాల లారీని రైలు గుద్ది, అందులో ఉన్న ఆమె అన్న గేలెన్ చనిపోయాడు. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు. మార్చిలో వారపత్రికలో పడిన చిన్న వార్తను అమ్మ కత్తిరించి దాచింది. బిల్లు ఓడిపోయింది, హ్యాచ్ వ్యతిరేకంగా ఓటేశాడు అని. వరదకు నేలమాళిగలో నీళ్లు నిండినప్పుడు ఆ ముక్క పోయింది.

"మంగళవారం ఊరి సభ. కొత్త వంతెనకి ఆయన పేరు పెడతారట," అంది డార్లా. "పద్దెనిమిదేళ్లు సేవ చేశాడని. నేను లేచి చెబితే నమ్మరు. కాగితం కావాలి."

"ఆయన్ని ఎప్పుడైనా చూశావా?"

"చిన్నప్పుడు చూశానేమో. ఆయన ఊరు విడిచి ఇరవై ఏళ్లు దాటింది. మొహం కూడా గుర్తులేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నేరుగా మూడో అల్మరా దగ్గరికి నడిచి, సూచిక చూడకుండానే ఒక లావు పుస్తకం దించుకొచ్చాడు.

"మీరు ఇక్కడ పనిచేస్తారా?"

"లేదు. గురువారాలు వస్తుంటాను. ఇంట్లో కన్నా ఇక్కడ వెచ్చగా ఉంటుంది."

పేజీ నిండా పేర్లు. ఆయన వేలు వరసగా కిందికి జారి ఒకచోట ఆగింది.

హ్యాచ్. వ్యతిరేకం. బిల్లు రెండు ఓట్లతో ఓడిపోయింది.

డార్లా ఆ ఒక్క మాట మీద వేలు ఆనించింది.

"ఇప్పుడు అక్కడ గేటు ఉందా?" అన్నాడాయన నెమ్మదిగా.

"ఉంది. రోజూ నా బస్సు ముందే దిగుతుంది."

"బిల్లు ఓడిపోతే గేటు ఎవరు పెట్టారంటావు?"

"రైలు కంపెనీ వాళ్లే పెట్టి ఉంటారు."

"వాళ్లకంత జాలి ఉంటే మంచిదే." ఆయన పుస్తకం ఆమె వైపు జరిపాడు. "మర్నాటి పేజీ కూడా చూడరాదూ?"

"నాకు ఈ ఒక్కటి చాలు."

ఆయన ఒత్తిడి చేయలేదు. తనే యంత్రం దగ్గర నిలబడి ఆ పేజీకి నకలు తీసి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"బస్సులో పిల్లలెందరు?"

"ఇరవై ఆరుగురు."

"జాగ్రత్తగా వెళ్లు," అన్నాడు.

మంగళవారం ఊరి సభలో డార్లా లేచి కాగితం చదివింది.

"నలభై ఏళ్ల నాటి ఓటు ఇప్పుడెందుకు తవ్వడం, డార్లా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"మా అన్నని పాతిపెట్టి కూడా అన్నేళ్లే," అంది ఆమె.

 చేతులెత్తమంటే హ్యాచ్ పేరుకు పట్టుమని పది చేతులు లేవలేదు.

మర్నాడు పొద్దున బస్సు పట్టాల ముందు ఆగింది. నియమం ప్రకారం తలుపు తెరిచి చెవి ఒగ్గింది డార్లా. గంట మోగింది. ఎర్రదీపాలు వెలిగాయి. గేటు దిగింది.

గేటు ఎవరు పెట్టారంటావు?

రైలు వెళ్లేదాకా ఊరికే కూర్చోలేక, అద్దం పైన దోపిన కాగితం తీసింది. వెనకవైపు సన్నటి పెన్సిలు రాత కనబడింది. 412.

గురువారం మళ్లీ వెళ్లింది. గ్రంథాలయాధికారిణి దించిన పుస్తకంలో నాలుగు వందల పన్నెండో పేజీ తీసింది. తేదీ మర్నాటిది. హ్యాచ్ లేచి, గేట్ల బిల్లు మళ్లీ ఓటుకు పెట్టమని కోరాడు. ఈసారి అతని పేరు పక్కన అనుకూలం అని ఉంది. బిల్లు మూడు ఓట్లతో గెలిచింది.

"ఇదేంటి? ముందురోజు వద్దన్నవాడు మర్నాడు తనే అడగడమేంటి?"

అధికారిణి ఆమె భుజం మీదుగా చూసింది.

"ఓడినవాళ్లు మళ్లీ అడగడానికి వీల్లేదమ్మా. గెలిచినవైపు ఓటేసినవాళ్లే అడగాలి. బిల్లు పోతోందని తెలిసి, ఆఖర్న ఆయన కావాలనే అటువైపు ఓటేశాడు. మర్నాడు దాన్ని లేపడానికి."

 డార్లా నకలు కాగితం వెనక్కి తిప్పి చూపించింది.

"గురువారాలు ఒక పెద్దాయన వస్తారు కదా. ఇది రాసింది ఆయనే. ఈరోజు రాలేదా?"

"నిన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఇక రారు. నిద్రలోనే పోయారట."

"ఆయన పేరేంటి?"

"మీరిద్దరూ ఒకేసారి వచ్చారు కదా," అంటూ అధికారిణి సందర్శకుల పుస్తకంలో పోయిన గురువారం పేజీ తీసింది.

డార్లా పేరుకు సరిగ్గా పై వరసలో, అదే పెన్సిలుతో, వణుకుతున్న అక్షరాలతో ఉంది: మెర్టన్ హ్యాచ్, ఈస్ట్ కార్బిన్.